మే నెలలో కొలవని ఊట

2019 మే నెలలో వాట్సాప్‌కి ఒక ఫోటో వచ్చింది. మేం ఒక కొండ ఊరికి కట్టిన మంచినీళ్ల ట్యాంకు. దాని పైకప్పు నిండా అడ్డాకులు ఆరబోసి ఉన్నాయి. కింద కుళాయికి ఎవరో గుడ్డపీలిక చుట్టి ముడేశారు. ఫోటో కింద ఒక్క మాట కూడా లేదు. పంపిన కుర్రాడు మర్యాదస్తుడు.

ఆ ట్యాంకుకి నాలుగు నెలల ముందే, సంక్రాంతికి, రిబ్బన్ కట్ చేశాం. అమెరికా నుంచి వచ్చిన మా బ్యాచ్‌మేట్ కొబ్బరికాయ కొట్టాడు. కుళాయి తిప్పితే నీళ్లు ఎంత జోరుగా వచ్చాయంటే, అతని ప్యాంటు మోకాళ్ల దాకా తడిసిపోయింది. అందరం చప్పట్లు కొట్టాం. ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. డిలీట్ చేయబుద్ధి కాదు, చూడబుద్ధీ కాదు.

నేను అనకాపల్లిలో పుట్టాను. హైదరాబాద్‌లో పైపులైన్లు డిజైన్ చేసే కన్సల్టెన్సీలో పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాను. ఆఫీసులో మేం గీసే లైన్లలో మనిషి దూరిపోవచ్చు. శని, ఆదివారాల్లోనూ సెలవుల్లోనూ పదిమందిమి కలిసి ఏజెన్సీ ఊళ్లకి మంచినీళ్ల పనులు చేస్తుంటాం. మాకు పెద్ద పేరేమీ లేదు, బోర్డు కూడా లేదు. ఇలాంటి పని మొదలుపెడదామనుకునే కుర్రాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి "ప్లానింగ్ ఎలా చేస్తారు మేడమ్" అని అడుగుతారు. వాళ్లకి ఫోన్లో చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

మొదటి ఊరు చింతపల్లి వైపు, కొండ మీద ఉంది. అప్పటికి అది విశాఖ జిల్లా, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. ఊరి పేరు రాయను, వాళ్ల తప్పేమీ లేదు కాబట్టి. 46 ఇళ్లు, దాదాపు 210 మంది. ఊరు రెండు వీధులు, పైవీధి, కిందవీధి. ఆ కొండల్లో మంచినీళ్లకి బోరు కంటే ఊట మేలు. ఊరికి పైన ఊట ఉంటే కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. ఊట చుట్టూ చిన్న పెట్టె కట్టి, ఇసుక ఫిల్టరు మీదుగా పైపు వేసి ట్యాంకులోకి వదిలితే నీళ్లు వాటంతట అవే దిగి వస్తాయి. నర్సీపట్నంలోని విశాఖ జిల్లా నవనిర్మాణ సమితి వాళ్లు ఈ పద్ధతిలో ఏజెన్సీలో చాలా ఊళ్లకి నీళ్లిచ్చారు. కాబట్టి మేం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. కొత్తగా తప్పు చేశాం, అంతే.

సర్వేకి 2018 జనవరిలో వెళ్లాం. ఎందుకు జనవరి అంటే, పండగ సెలవులు. ఇంకో కారణం కూడా ఉంది, కాస్త సిగ్గుగా చెబుతున్నాను. మాతో వచ్చిన ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకి లంబసింగి మంచు చూడాలని ఉంది.

ఊట దగ్గర 15 లీటర్ల బకెట్ పెట్టి స్టాప్‌వాచ్ నొక్కాం. 20 సెకన్లలో నిండింది. అంటే నిమిషానికి 45 లీటర్లు, రోజుకి 64,800 లీటర్లు. మనిషికి రోజుకి 55 లీటర్ల లెక్కన (తర్వాత 2019లో ఇంటింటికీ కుళాయి అంటూ కేంద్రం తెచ్చిన జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న లెక్కా ఇదే) ఊరికి కావలసింది 11,550. ఐదు రెట్లకి పైగా ఉంది! ఆ రాత్రి ఊరివాళ్ల బియ్యం తింటూ, వాళ్ల చలిమంట కాచుకుంటూ, మిగిలే నీళ్లతో కూరగాయల మడులు కూడా వేయించేశాం, నోటితోనే.

మర్నాడు మీటింగు. మాట్లాడింది మగవాళ్లే. నేను ఆడదాన్నే, అయినా ఆ రోజు నాకది తోచలేదు. చివర్లో ఒక మామ్మ ఆదివాసీ ఒరియాలో ఏదో అంది. ఏమంటోందని పక్కనున్న కుర్రాణ్ణి అడిగితే, "నీళ్లు బాగుంటాయంటోంది మేడమ్" అన్నాడు. రాసుకున్నాం. ఏడాదిన్నర తర్వాత, ఎండిన ట్యాంకు దగ్గర కూర్చుని ఉండగా అదే కుర్రాడు చెప్పాడు. మామ్మ అన్న మాటలో సగమే తను తెలుగులో చెప్పాడట. "చలికాలంలో ఈ నీళ్లు బాగుంటాయి, ఎండలకి మాత్రం ఈ ఊట మంచం పడుతుంది" అని ఆవిడ మొత్తం మాట. "మీరంత సంతోషంగా ఉన్నారు కదా మేడమ్, ఎందుకులే అనుకున్నాను" అన్నాడు. అతని మీద కోపం రాలేదు. మా మొహాలు అలా వెలిగిపోతుంటే నేనైనా చెప్పేదాన్ని కాదు.

2018 జనవరిలో కొలిచాం, 2019 జనవరిలో ప్రారంభించాం. మధ్యలో ఒక మే నెల వచ్చి వెళ్లింది. ఎవరం వెళ్లి కొలవలేదు. ఎండలు, ఆఫీసు, పిల్లల సమ్మర్ క్యాంపులు.

ఫోటో వచ్చాక పరిగెత్తుకెళ్లి కొలిస్తే అదే బకెట్ నిండడానికి నాలుగు నిమిషాలు పట్టింది. నిమిషానికి 3.75 లీటర్లు, రోజుకి 5,400. కావలసినదానిలో సగం కూడా లేదు. ఆ కాస్త నీళ్లూ కిందవీధి కుళాయిలకే పోయేవి. నీరు పల్లమెరుగు కదా, కింద కుళాయి తిప్పి ఉంటే పైన చుక్క రాదు. పైవీధి వాళ్లు నాలుగు రోజులు చూసి, కిందకి వెళ్లే పైపుని కొడవలితో కోసేశారు. రెండు వీధులూ అప్పటిదాకా కలిసి పండగలు చేసుకున్న చుట్టాలు. ఆ ఊరికి నీళ్లివ్వడానికి వెళ్లి మేం తగువు ఇచ్చి వచ్చాం. నన్ను ఎక్కువగా బాధపెట్టింది అదే. పైపు అతికించవచ్చు.

తర్వాత ఎలా సరిచేశామో చెబుతాను, ఎందుకంటే లెక్క చూస్తే నవ్వొస్తుంది. పైవీధి కంటే 25 మీటర్ల దిగువన, కిందవీధి కంటే మాత్రం ఎత్తులో, ఇంకో ఊట ఉంది. ఎండాకాలం ఆడవాళ్లు బిందెలతో వెళ్లేది అక్కడికే. ఎప్పుడూ ఎండదు. సర్వే రోజు దాన్ని కూడా చూపించారు. పైవీధికి ఎక్కదని నేనే కొట్టేశాను. కానీ కిందవీధిలోని 27 ఇళ్లకి అది చక్కగా దిగుతుంది. పైవీధిలో మిగిలినవి 19 ఇళ్లు, 85 మంది. వాళ్లకి కావలసింది 4,675 లీటర్లు. పైఊట మండుటెండలో ఇచ్చేది 5,400. సరిపోయింది! అంటే మే నెల అంకె ఒక్కటి ముందే చేతిలో ఉండి ఉంటే, మొదటి రోజునే రెండు ఊటలు, రెండు చిన్న ట్యాంకులు గీసేవాళ్లం. అలా చేయనందుకు పడ్డ అదనపు ఖర్చు 1,60,000. తగువు ఖర్చు వేరే.

వాలంటీర్లు చేసే పనుల్లో అసలు చిక్కు డబ్బు అని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో మాత్రం చిక్కంతా మన క్యాలెండర్‌దే. మన సెలవులు దసరాకి, క్రిస్మస్‌కి, సంక్రాంతికి వస్తాయి. అప్పుడు ప్రతి ఊటా పొంగుతూ ఉంటుంది, ప్రతి గెడ్డా (కొండవాగు) నిండుగా ఉంటుంది. మంచి రోజున వెళ్లి కొలిచి, మంచి రోజున ప్రారంభించి వచ్చేస్తాం. చెడ్డ రోజున అక్కడ మనం ఉండం.

పని చేయించే విషయంలోనూ ఇదే కథ. 2018 డిసెంబరులో పైపు పూడ్చే కాలువ తవ్వకానికి పద్నాలుగు మంది పిల్లల్ని తీసుకుని వెళ్లాను. ఊళ్లో ఎవరూ లేరు! ముసలివాళ్లు, పసిపిల్లలు, కుక్కలు. మిగతా ఊరంతా కాఫీ పళ్లు కోయడానికి పోయింది. వాళ్లకి ఏడాదిలో రొక్కం కనపడే రోజులవి. మా పిల్లలు రెండు రోజులు తవ్వి, అరచేతులు బొబ్బలెక్కి, మూడో రోజుకి లంబసింగి వెళ్లిపోయారు. వాళ్లు తవ్వింది 38 మీటర్లు. తవ్వాల్సింది 1,400.

రెండో ఊరికి వెళ్లినప్పుడు నేను చేసిన మొదటి పని పైపుల సంగతి ఎత్తకపోవడం. మహిళా సంఘం వాళ్లతో కూర్చుని ఏడాది పొడుగునా మీకు ఏ నెలలో ఏ పని అని అడిగాను. నేల మీద పన్నెండు గింజలు పెట్టి చెప్పారు. జూన్‌లో తొలకరి, చోడి (రాగి), సామ వేసుకోవడం. తర్వాత వరి ఊడ్పులు. నవంబరు నుంచి జనవరి దాకా కోతలు, కాఫీ. ఆ తర్వాత పసుపు తవ్వడం, ఉడకబెట్టడం. ఏప్రిల్లో ఇటుకల పండగ. ఆ రోజుల్లో మగవాళ్లు వేటకి పోతారు, పార ముట్టరు. ఎండల్లో అడ్డాకులు, పోడు చదును. మరి ఖాళీ ఎప్పుడంటే ఒకావిడ రెండు గింజల మధ్య వేలు పెట్టింది. పసుపు పని అయ్యాక, ఇటుకల పండగకి ముందు. మార్చిలో ఓ ఇరవై, ఇరవై ఐదు రోజులు.

మార్చిలో మా పిల్లలకి పరీక్షలు. మాకు ఆర్థిక సంవత్సరం చివరి నెల, ఆఫీసులో తల ఎత్తే వీలుండదు.

కాబట్టి తవ్వకానికి మేం వెళ్లలేదు. ఊరివాళ్లే తవ్వారు, కూలి తీసుకుని. ఇక్కడ కొంతమంది మిత్రులు నాతో గొడవ పడతారు. ఊరివాళ్లు శ్రమదానం చేస్తేనే "మనది" అన్న భావన వస్తుందని వాళ్ల వాదన. ఒకప్పుడు నేనూ అదే అన్నాను. కానీ మా అపార్ట్‌మెంటుకి మంజీరా లైను వేసినప్పుడు నన్ను గొయ్యి తవ్వమని ఎవరూ అడగలేదు. తవ్వకపోయినా ఆ నీళ్లు నావేనని నాకు గట్టి నమ్మకం, ఒక్కరోజు రాకపోతే ఎంత రచ్చ చేస్తానో మా వాచ్‌మన్‌ని అడగండి. రోజు కూలి పోతే ఆ పూట గడవని మనిషి దగ్గరే దానం అడగడం ఏంటో నాకు ఇప్పుడు అర్థం కాదు.

మొదటి ఊరి లెక్కలు తిరగేస్తే ఇంకో సంగతి బయటపడింది. మొత్తం ఖర్చు 4,20,000 అయితే అందులో 86,000 మా బస్సులు, భోజనాలు, టోపీలు, బ్యానర్లు. టోపీలు! రెండో ఊరికి మా రాకపోకల ఖర్చు 22,000. ఆ తేడా కూలి కింద వెళ్లింది.

అయితే వాలంటీర్లు ఏం చేయాలి? ఫోటోకి పనికిరాని పనులన్నీ చేయాలి. ఉదాహరణకి కాగితాలు. ఊట అడవి భూమిలో ఉంటే పైపుకి అనుమతి కావాలి. మొదటి ఊళ్లో మేం దాని గురించి ఆలోచించనే లేదు. మంచినీళ్లకి ఎవరు అడ్డం చెప్తారులే అనుకున్నాం. పని నెలన్నర ఆగింది. తప్పు మాదే, ఆపినవాళ్లది కాదు. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(2) ఉంది. బడి, అంగన్‌వాడీ, తాగునీటి పైపులైను లాంటి 13 రకాల సౌకర్యాలకి గ్రామసభ సిఫార్సు మీద అడవి భూమి ఇవ్వొచ్చని అది చెబుతుంది. ఒక్కో పనికి భూమి హెక్టారు లోపే ఉండాలి, కొట్టే చెట్లు హెక్టారుకి 75 దాటకూడదు. మనలాంటి చిన్న పనికి సరిగ్గా సరిపోయే దారి. దరఖాస్తు రాయడం, గ్రామసభ తీర్మానం పెట్టించడం, పైపు వెళ్లే దారి మ్యాపు గీయడం, ఇవి హైదరాబాద్‌లో కూర్చుని రాత్రి పది తర్వాత చేసుకోవచ్చు. రెండో ఊరికి ఆ పని మా టీములో అందరికంటే తక్కువ మాట్లాడే అబ్బాయి చేశాడు. అతను ఆ ఊరిని ఇంతవరకు చూడలేదు.

ఇంకోటి ఎత్తు కొలవడం. ఫోన్లో ఆల్టిట్యూడ్ చూపించే యాప్‌ని నమ్మకండి. రెండో ఊళ్లో ఊటకీ ట్యాంకుకీ మధ్య ఎత్తు తేడా ఫోను 31 మీటర్లంది. మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబు, అదే నీళ్లు నింపిన పారదర్శకమైన గొట్టం, పట్టుకుని మెట్టు మెట్టుగా దిగుతూ కొలిస్తే 19 వచ్చింది. పూట పట్టింది, కానీ ఆ పన్నెండు మీటర్లు ఉన్నాయని నమ్మి గీసుంటే? సెకనుకి అర లీటరు నీళ్లు 900 మీటర్లు నడవాలంటే 40 ఎంఎం హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపులో దాదాపు 10 మీటర్ల ఎత్తు పైపు గోడల రాపిడికే పోతుంది. 50 ఎంఎంలో 3 మీటర్ల పైచిలుకు చాలు. ఫోను మాట వింటే 40 కొనేవాళ్లం, నాలుగు డబ్బులు మిగిలాయని మురిసేవాళ్లం. ఉన్న 19లో పది రాపిడికే పోతే మిగిలేది తొమ్మిదే, ఆ ధైర్యం చాలక 50 కొన్నాం. పైపుని రెండున్నర అడుగుల లోతున పూడ్చాం, పోడు తగలబెట్టినప్పుడు పైకి తేలిన ప్లాస్టిక్ పైపు కొవ్వొత్తిలా కరిగిపోతుంది కాబట్టి. బండ వచ్చి తవ్వలేని చోట జీఐ (ఇనుప) పైపు.

ఇంత చేశాక వాల్వు తిప్పితే నీళ్లు రాలేదు. రెండు గంటలు. నేను లెక్క కాగితాలు బయటకి తీశాను, నా చేతులు వణుకుతున్నాయి, మళ్లీ అదే అవుతుందేమోనని. ఊళ్లో కాఫీ నర్సరీకి నీళ్లు పెట్టే ఆయన ఒకరు పైపు వెంట నడుచుకుంటూ వెళ్లి, ఒక చోట ఆగి, "గాలి పట్టేసింది" అన్నారు. నా డ్రాయింగులో గాలిని బయటకి వదిలే ఎయిర్ వాల్వు ఉంది, ఒక మెట్ట దగ్గర. కానీ కాలువ తవ్వేటప్పుడు పనసచెట్టు వేళ్లు నరకడం ఇష్టంలేక ఊరివాళ్లు పక్కగా తిప్పారు. అక్కడ నేల కాస్త ఉబ్బుగా ఉంది. ఆ ఉబ్బులో గాలి చిక్కుకుపోయింది. ఆయన మన్ను తీసి కప్లింగు (పైపుల అతుకు) అర చుట్టు వదులు చేస్తే బుస్సుమని పాము లేచినట్టు శబ్దం. తర్వాత నీళ్లు. ఇప్పుడక్కడ రెండో ఎయిర్ వాల్వు ఉంది, పనసచెట్టూ ఉంది.

ఫిల్టరు గురించి చెప్పకపోతే అన్యాయం, ఎందుకంటే అది మా తప్పుల్లో ముద్దొచ్చే తప్పు. స్లో శాండ్ ఫిల్టరు అంటే ఇసుక తొట్టి, అంతే. నీళ్లు దానిలోంచి గంటకి పది సెంటీమీటర్లు దిగేంత నెమ్మదిగా వెళ్లాలి. రోజుకి 12,000 లీటర్లకి ఐదు చదరపు మీటర్ల తొట్టి చాలు, అంటే రెండున్నర మీటర్ల వెడల్పున్న గుండ్రటి తొట్టి. దీని మహిమంతా ఇసుక పైన కొన్ని వారాలకి పట్టే బంక పొరలో ఉంటుంది. అందులో ఉండే మంచి సూక్ష్మజీవులే చెడ్డవాటిని తినేస్తాయి. పొర మరీ దట్టమై నీళ్లు దిగకపోతే పైపైన ఒకటి రెండు సెంటీమీటర్లు గీకి తీయాలి, అంతకు మించి చేయి పెట్టకూడదు.

2019 ఆగస్టు 15 సెలవు కలిసొచ్చి మా కుర్రాళ్లు ఆరుగురు మొదటి ఊరికి "మెయింటెనెన్స్ విజిట్" వెళ్లారు. నేను వెళ్లలేదు. వాళ్లు తొట్టిలో పాచి చూసి అసహ్యించుకుని, ఇసుకంతా బయటకి తోడి, గెడ్డలో మూడు సార్లు కడిగి, ఎండబెట్టి, మళ్లీ నింపి, తొట్టి గోడల్ని బ్రష్‌తో తోమి, నాకు ఫోటో పంపారు. "మేడమ్, కొత్తదానిలా మెరిసిపోతోంది!" మెరిసిపోయింది. తర్వాతి వారం నీళ్లు పరీక్ష చేస్తే హెచ్2ఎస్ సీసాలో నీళ్లు తెల్లారేసరికి బొగ్గులా నల్లబడ్డాయి. (ఈ సీసాలు చౌక, ఊరివాళ్లే చూసుకోవచ్చు. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులుంచితే నల్లబడిందంటే మలం కలిసిన ఆనవాళ్లున్నట్టు.) పొర మళ్లీ పట్టేదాకా ఊరంతా నీళ్లు కాచుకుని తాగమని చెప్పి రావాల్సి వచ్చింది. తప్పు వాళ్లది కాదు. గీకడం ఎంతవరకో తొట్టి గోడ మీద రాసి ఉంచాల్సింది నేను. ఇప్పుడు రాసి ఉంటుంది, బొమ్మతో సహా.

సామాన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. మొదటి ట్యాంకుకి సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి మంచి ఫ్లోట్ వాల్వు (ట్యాంకు నిండగానే నీళ్లు ఆపేది) కొని తీసుకెళ్లాను, గర్వంగా. ఏడు నెలలకి పోయింది. అలాంటిది చింతపల్లిలో లేదు, నర్సీపట్నంలో లేదు. అప్పట్నుంచి నియమం ఏంటంటే, డ్రాయింగు మొదలుపెట్టే ముందు ఊరివాళ్లు మామూలుగా వెళ్లే హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి అరల్లో ఏమున్నాయో రాసుకుంటాను. అక్కడ లేనిది కాగితం మీద గీయను. దీనివల్ల డిజైను కాస్త మోటుగా ఉంటుంది. ఉండనీ.

డబ్బులిచ్చేవాళ్ల గురించి కూడా ఒక మాట. మా బ్యాచ్‌మేట్ మంచివాడు, అడక్కుండానే ఇస్తాడు. కానీ అతనికి వీడియోలంటే ఇష్టం. మొదటి ఊరి పని నడుస్తున్నప్పుడు పిల్లలు రంగులరాట్నం తిప్పుతుంటే నీళ్లు పైకొచ్చే పంపు వీడియో పంపి "మనం కూడా ఇది పెడదాం" అన్నాడు. ప్లేపంప్ అంటారు దాన్ని. ఆఫ్రికా దక్షిణ దేశాల్లో పెట్టారు, 2006లో అమెరికాలో పెద్ద పెద్దవాళ్లు కోట్ల డాలర్లు ప్రకటించారు. 2009లో గార్డియన్ పత్రిక లెక్క కట్టి చూస్తే, వాళ్లు చెప్పినంత మందికి నీళ్లు రావాలంటే పిల్లలు రోజుకి 27 గంటలు ఆడాలని తేలింది. నేనా లెక్క పంపితే మావాడు నవ్వే బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

అప్పుడు నేను నవ్వాను గానీ, మే ఫోటో వచ్చాక ఆ 27 గంటలు చాలాసార్లు గుర్తొచ్చాయి. మా 64,800 లీటర్లకీ దానికీ పెద్ద తేడా లేదు. కెనడాలో ఇంజనీర్స్ వితౌట్ బోర్డర్స్ అనే సంస్థ ఉంది. వాళ్లు 2008లో మొదలుపెట్టి తమ పనుల్లో ఏవేవి చెడిపోయాయో తామే నివేదికగా అచ్చువేసి దాతలకి పంచారు. అది చూశాక నేను కూడా పైపు కోసేసిన ఫోటోని బ్యాచ్‌మేట్‌కి పంపాను. వారం రోజులు జవాబు లేదు. తర్వాత ఫోన్ చేసి, "ఆ రెండో ఊటకి ఎంతవుతుంది?" అన్నాడు. 1,60,000లో సగం అతనిదే.

ఇప్పుడు మూడో ఊరు నడుస్తోంది. నడుస్తోంది అంటే ఒక్క పైపు కూడా కొనలేదు. పదకొండు నెలలుగా జరుగుతున్నది ఒకే పని, ప్రతి నెలా ఒకటో తారీఖు, పదహారో తారీఖు పొద్దున్న ఊట దగ్గర బకెట్ పెట్టి కొలవడం. తొమ్మిదో తరగతి చదివే పాప కొలుస్తుంది. హాస్టల్‌కి వెళ్లినప్పుడు వాళ్లమ్మ కొలుస్తుంది. వాళ్లమ్మకి అంకెలు రాయడం రాదు, బకెట్ నిండేదాకా ఫోన్లో వీడియో తీసి పంపుతుంది. ఆ వీడియోల్లో నీళ్ల శబ్దం, వెనకాల ఆవిడ ఎవర్నో కేకేయడం వినిపిస్తాయి. నెలకి 300 రూపాయలు ఇస్తున్నాం. జూలైలో 11 సెకన్లు. నవంబరులో 26. ఫిబ్రవరిలో 49. ఏప్రిల్ ఒకటికి నిమిషం 40.

బ్యాచ్‌మేట్ డిసెంబరులో వస్తానన్నాడు, అప్పటికి ఓపెనింగ్ ఉంటుందా అని అడిగాడు. ఉండదని చెప్పాను. పాప లెక్కల నోటుబుక్ పేజీ ఫోటో తీసి పంపితే, ఎర్ర సిరాతో గీత గీసిన వరుసలు చూసి, "ఇదేంటి, ఇంత నీట్‌గా ఉంది, మనకి రికార్డు రాసిచ్చినవాళ్ల చేతిరాతలా ఉంది" అన్నాడు.

మొన్న మే 16న పొద్దున్న తొమ్మిదయినా మెసేజ్ రాలేదు. నాకు టెన్షన్ మొదలైంది. పదింటికి వచ్చింది. "2 నిమిషాల 31 సెకన్లు మేడమ్. పాత బకెట్ పగిలిపోయింది. సంతలో కొత్తది కొన్నాం. ఇది 16 లీటర్లది. లెక్క మార్చుకోండి."